ఆదివారం మూటలోని నువ్వుల ఉండ

హాస్టల్లో ఉన్నవాళ్లకు ఆదివారం అంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. పొద్దున తొమ్మిది దాటితే చాలు, అందరి చూపులూ గేటు వైపే. ఎర్ర బస్సు వచ్చిన చప్పుడు వినిపిస్తే చాలు, తల దువ్వుకుంటున్నవాళ్లు జడ సగంలో వదిలేసి పరుగెత్తేవాళ్లు. అమ్మో, నాయనో, మేనత్తో వచ్చేవాళ్లు. చేతిలో తువ్వాలలో కట్టిన మూట. దాంట్లో స్టీలు టిఫిను, టిఫినులో నువ్వుల ఉండలు. బతుకమ్మ పండుగ దాటిన కొత్తలో అయితే మలీద ముద్దలు, సత్తుపిండి. వేపచెట్టు కింద కూర్చుని ఆ మూట విప్పే గంటసేపు మేము హాస్టల్ పిల్లలం కాదు, మా ఇంటి పిల్లలం.

కానీ ఎవరూ రాని పిల్లలు కూడా ఉండేవాళ్లు. అమ్మానాన్నలు బొంబాయికో, భివండికో వలస పోయినవాళ్లు, ముసలి అవ్వ దగ్గర పెరిగినవాళ్లు, బస్సు చార్జీలకు లేనివాళ్లు. వాళ్లు ఆదివారం పొద్దున సరిగ్గా ఆ వేళకే బట్టలు ఉతుక్కోవడానికి నీళ్ల ట్యాంకు దగ్గరకు వెళ్లేవాళ్లు. అది ఎందుకో మాకు అప్పుడు తెలియదు. ఇప్పుడు తెలుసు. మాలో ఒకామె తల్లి వెళ్తూ వెళ్తూ ప్రతిసారీ ఒకటే మాట చెప్పేది: "ఒక్కదానివే తినకు బిడ్డా, పక్కపొంటి పిల్లకు గూడ పెట్టు." ఆ మాట ప్రకారం ఒక ఉండను దువ్వెన అంచుతో నాలుగు ముక్కలు చేసుకున్న రాత్రులు ఉన్నాయి. పంచుకున్నామన్న తృప్తి మాకు ఉండేది. ఎప్పుడూ తీసుకోవడమే తప్ప ఇవ్వడానికి ఏమీ లేని పిల్లకు ఎట్లా ఉండేదో మేము అడగలేదు.

ఈ సంగతి ఈ సంచికలో ఎందుకు రాస్తున్నామంటే, ఈ ఏడు వార్షికోత్సవానికి పూర్వ విద్యార్థినులం కలిసి కూర్చున్నప్పుడు పిల్లలకు మిఠాయి పంచాలన్న మాట వచ్చింది. ఒకరు ఒక డబ్బా తెచ్చి చూపించారు. దాని మీద ఆకుపచ్చ ఆకుల బొమ్మ, 'ఆయుర్వేద పద్ధతిలో తయారైన పోషక లడ్డు' అన్న అక్షరాలు. జీడిపప్పు, బాదం, అశ్వగంధ, తేనె ఉన్నాయట. షుగరు ఉన్నవాళ్లు కూడా నిశ్చింతగా తినవచ్చునట. ఒక్కో లడ్డు ధర మా రోజుల్లో మాకు వచ్చే నెల కాస్మెటిక్ చార్జీల కన్నా ఎక్కువ. పిల్లలకు మంచిది తినిపించాలన్న ఆ మిత్రురాలి మనసును మేము తప్పుపట్టడం లేదు. ఆ డబ్బాను మాత్రం తప్పుపడుతున్నాం. ఏడాదికొక రోజు ఖరీదైన లడ్డు పంచి ఫోటో దిగడం కన్నా, చలికాలం నాలుగు నెలలూ మన హాస్టల్ వంటింట్లోనే నువ్వుల ఉండ చేసి ప్రతి పిల్ల చేతిలో పెట్టడం మేలని మా అభిప్రాయం. అందరూ ఒప్పుకోకపోవచ్చు. అందుకే మా వాదన ఇక్కడ పెడుతున్నాం.

ముందు ఆయుర్వేదం మాట. మాలో ఒకామె బి.ఏ.ఎం.ఎస్. చదివింది. మిగిలినవాళ్లం ఆమె చెబితే విని, చదివి, తెలుసుకున్నాం. ఆ శాస్త్రం ఏ పదార్థాన్నీ గుడ్డిగా మంచిది అనదు. ఎవరు తింటున్నారు, ఏ కాలంలో, ఎంత, ఆకలి ఎట్లా ఉంది అని అడుగుతుంది. మధుర రసం బలాన్నిస్తుంది, శరీరాన్ని పెంచుతుంది, వాతాన్ని పిత్తాన్ని శాంతపరుస్తుంది. అదే మితిమీరితే కఫం పెంచుతుంది, బరువు, బద్ధకం తెస్తుంది. తీపి వంటలు ఎక్కువగా 'గురువు', అంటే అరగడానికి బరువైనవి. అట్లాంటివి కడుపు నిండా తినకూడదని, సగం తృప్తికే ఆపాలని చరక సంహిత చెబుతుంది. హేమంతంలో, అంటే చలి ముదిరే రోజుల్లో, జఠరాగ్ని బలంగా ఉంటుంది కాబట్టి నూనె గల, తియ్యని, బరువైన తిండి ఆ కాలానికి తగినది. వసంతం రాగానే అవే తగ్గించుకోవాలి. ఇదంతా చదివి మేము నవ్వుకున్నాం. సంక్రాంతికి నువ్వులు, వేసవికి అంబలి అని మా అవ్వలు ఏ గ్రంథమూ చదవకుండానే నడుచుకున్నారు కదా!

ఇక ఆ డబ్బా మీది తేనె. తేనెను వేడి చేయరాదని ఆయుర్వేదం చాలా గట్టిగా చెబుతుంది. పాకంలో తేనె కలిపి కాచిన లడ్డుకు ఆయుర్వేదం పేరు ఎట్లా పెట్టారో తయారుచేసినవాళ్లకే తెలియాలి. అశ్వగంధ అంటారా, అది మందు. ఎదిగే పిల్లలకు వైద్యుడు చూసి ఇవ్వవలసిందే కాని మిఠాయిలో కలిపి పంచేది కాదు.

షుగరు ఉన్నవాళ్లు నిశ్చింతగా తినవచ్చు అన్న మాట దగ్గర మాత్రం మాకు నవ్వు రాలేదు. మాలో ఒకామె తండ్రికి నలభై అయిదేళ్లకే షుగరు వచ్చింది. ఆయన చక్కెర మానేశాడు. టీలో బెల్లం, పండుగకు బెల్లం అరిసెలు, పొద్దున్నే బెల్లం ముక్క. ఎవరైనా అడిగితే "బెల్లమే కదా బిడ్డా, చక్కెర కాదు కదా, బెల్లం ఆయుర్వేదం" అనేవాడు. ఆయనను కాదనేంత చదువు ఆ ఇంట్లో అప్పటికి లేదు. కాలి వేలికి తగిలిన చిన్న దెబ్బ మానలేదు. మొదట ఒక వేలు తీశారు, ఏడాది తిరక్కుండా పాదం సగం తీశారు. తర్వాత ఆయన ఎక్కువ కాలం లేడు. ఆ ఇంటి పిల్ల పెద్దయ్యాక చరక సంహితలో ప్రమేహ వ్యాధికి కారణాలు చదివింది. కదలకుండా సుఖంగా కూర్చోవడం, అతిగా నిద్రపోవడం, పెరుగు, కొత్త బియ్యం, ఇట్లా సాగే ఆ వరుసలో బెల్లంతో చేసిన పదార్థాలు కూడా ఉన్నాయి. బెల్లం షుగరుకు మంచిదని ఆయుర్వేదం చెప్పిందని ఊరంతా అనుకుంటుంటే, ఆయుర్వేదం చెప్పింది దానికి సరిగ్గా ఎదురు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పిన లెక్క కూడా ఇదే దారిలో ఉంది. విడిగా కలిపే తీపి, రోజు మొత్తం మీద మనకు అందే శక్తిలో పదో వంతుకు మించరాదు. బెల్లమూ ఆ లెక్కలోకే వస్తుంది. కాబట్టి ఈ వ్యాసం చదివి ఎవరూ ఇంట్లో షుగరు ఉన్న అమ్మానాన్నలకు ఉండలు తీసుకుపోవద్దు. మేము మాట్లాడుతున్నది ఎదిగే వయసు పిల్లల గురించి, పొద్దున అయిదింటికి లేచి, నడిచి బడికి పోయి, ఆడి, సాయంత్రానికి ఆకలితో వచ్చే పిల్లల గురించి.

మరి నువ్వులే ఎందుకు? మా జగిత్యాల, మెట్‌పల్లి వైపు యాసంగిలో నువ్వు చేన్లు ఎక్కువ. మా అమ్మల్లో చాలామంది ఆ చేన్లలో కలుపు తీసినవాళ్లు, కోసినవాళ్లు, కట్టలు నిలబెట్టి ఎండాక దులిపినవాళ్లు. పంట మొత్తం ఆసామి బండెక్కి పోయేది. కింద రాలినవి మట్టితో సహా ఊడ్చి, చాటలో చెరిగి, నీళ్లలో గాలించి, దోసెడు నువ్వులు ఇంటికి తెచ్చేవాళ్లు. ఆ దోసెడే మా ఆదివారం మూట. ఆయుర్వేదం నువ్వులను బలకరమని, వాతహరమని, వేడి చేసేవని చెబుతుంది. నల్ల నువ్వులను శ్రేష్ఠం అంటుంది. ఆడపిల్ల పెద్దమనిషి అయినప్పుడు నువ్వులూ బెల్లమూ దంచిన చిమ్మిలి పెట్టడం మన ఇళ్లలో ఉన్నదే. మాకూ పెట్టారు. కొన్నాళ్లు చిమ్మిలి, ఎండుకొబ్బరి, కుడుములు పెట్టి బిడ్డ ఎముకలు గట్టిపడాలన్నారు. తర్వాత హాస్టల్‌కు తిరిగి వచ్చాం. ఇక్కడ నీళ్ల చారు. ఎముకలు గట్టిపడటానికి ఆ కొన్నాళ్లే చాలా? ఆ తర్వాతి అయిదేళ్ల మాట ఏమిటి?

రక్తహీనత సంగతి కొంచెం నింపాదిగా చెప్పాలి, ఎందుకంటే ఈ విషయంలో బెల్లం మీద ఉన్న మూఢనమ్మకం చాలా పెద్దది. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అది 60 దాటింది. వందమంది ఉన్న మన హాస్టల్లో అరవై మంది అన్నమాట. ప్రార్థన వరుసలో కళ్లు తిరిగి పడిపోయే పిల్లను చూసి "పొద్దున తినలేదేమో" అని సరిపెట్టుకున్న రోజులు మాకు తెలుసు. ఆ వయసు పిల్లకు రోజుకు సుమారు 30 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. పాతిక గ్రాముల నువ్వుల ఉండలో దొరికేది ఒకటి రెండు మిల్లీగ్రాములు, అది కూడా ఎక్కువ భాగం నువ్వుల నుంచే. అందులో ఉండే బెల్లం ఇచ్చేది లెక్కకు రానంత. బెల్లం తింటే రక్తం పడుతుందని నమ్మి నీలం రంగు ఐరన్ మాత్రను కిటికీలోంచి పారేసే చెల్లెళ్లకు మా విన్నపం ఒకటే: ఆ మాత్ర మింగండి. మేమూ పారేసినవాళ్లమే. మాలో ఒకామె కాన్పు సమయంలో ఆరున్నర హిమోగ్లోబిన్‌తో జిల్లా ఆసుపత్రిలో చేరి, రెండు సీసాల రక్తం ఎక్కించుకుని బతికి బయటపడింది. ఆమె ఈ వ్యాసం రాస్తున్నవాళ్లలో ఉంది.

అయితే ఉండ వల్ల ఉపయోగం లేదా అంటే, ఉంది. పొట్టు తీయని నువ్వులు వంద గ్రాముల్లో వెయ్యి మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. అదంతా ఒంటికి పట్టదు, కొంతే పడుతుంది. అయినా పాలు చాలినన్ని దొరకని పిల్లకు అది చిన్న విషయం కాదు. పల్లీలు వంద గ్రాముల్లో దాదాపు 25 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. మంచి నూనె ఉంటుంది, ఆకలి తీరుతుంది. ఉండ తిన్నాక జామకాయో, ఉసిరికాయో, నిమ్మకాయ నీళ్లో తీసుకుంటే తిండిలోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. టీ తాగితే ఆ కాస్తా పోతుంది. సాయంత్రం టీతో బిస్కెట్లు ఇచ్చే అలవాటు గురించి మా ఫిర్యాదు అదే.

ఇక చేసే విధానం. ఇందులో గొప్పలు పోవడానికి ఏమీ లేదు. మేము మొదటిసారి పోయిన కార్తీకంలో ఇక్కడి వంటింట్లోనే చేశాం, రెండు కిలోల నువ్వులు మాడ్చేశాం. మంట పెద్దగా పెట్టి ముచ్చట్లలో పడ్డాం. నువ్వులు చూడటానికి బాగానే ఉన్నాయి, నోట్లో వేసుకుంటే చేదు. వంట అక్క వచ్చి చూసి, "ఏందమ్మా, ఇంత సదువుకున్నోళ్లకు నువ్వులు ఏంచుడు గూడ రాదా? మంట తగ్గించాలె, చిటచిట అన్నయంటే దించుడే" అని మమ్మల్ని పక్కకు జరిపింది. ఆ తర్వాత ఆమె చెప్పినట్టే చేశాం.

కిలో నువ్వులకు ముప్పావు కిలోకు కొంచెం తక్కువ బెల్లం, పావు కిలోకు కొంచెం ఎక్కువ పల్లీలు. నువ్వులను ముందు కడిగి, రాళ్లు మట్టి పోయేటట్టు గాలించి, పలుచటి బట్ట మీద ఎండలో పూర్తిగా ఆరబెట్టాలి. పొట్టు తీయొద్దు. పల్లీల్లో ముడుచుకుపోయినవి, నల్లబడినవి, బూజు వాసన ఉన్నవి ఒక్కటి కూడా ఉండకుండా ఏరి పారేయాలి. ఆ బూజులో కాలేయానికి హాని చేసే విషం ఉంటుంది, వేయించినా పూర్తిగా పోదు. ఇనుప మూకుడులో సన్నని మంట మీద పల్లీలు, ఆ తర్వాత నువ్వులు విడివిడిగా వేయించి చల్లార్చాలి. బెల్లం తురిమి పెట్టుకోవాలి. తెల్లగా పసుపుగా మెరిసే బెల్లం కన్నా ముదురు రంగు బెల్లం తీసుకోండి. ఆయుర్వేదం కొత్త బెల్లం కన్నా పాత బెల్లాన్ని మెచ్చుకుంటుంది, కొత్తది కఫం పెంచి ఆకలి మందగింపజేస్తుందంటుంది. నువ్వులు, పల్లీలు రోట్లో కచ్చాపచ్చాగా దంచి, బెల్లం వేసి మళ్లీ దంచితే నూనె పైకి తేలుతుంది. ఆ నూనెతోనే ముద్ద కడుతుంది. నెయ్యి అక్కర్లేదు, పాకం అక్కర్లేదు. ఈ మాట రెండుసార్లు చెప్పాలనిపిస్తోంది, ఎందుకంటే నెయ్యి లేనిదే మిఠాయి కాదన్న అభిప్రాయం ఎవరి ఇళ్లలో పుట్టిందో మనకు తెలుసు. చివర కొంచెం శొంఠి పొడి, నాలుగు యాలకులు. శొంఠి రుచికే కాదు, బరువైన పదార్థం అరగడానికి కూడా. మిక్సీలో తిప్పితే తొందరగా అవుతుంది కాని ఎక్కువ తిప్పితే వేడెక్కి జిడ్డు ముద్దయిపోతుంది. ఆపి ఆపి తిప్పాలి.

ఈ కొలతకు పాతిక గ్రాముల ఉండలు దాదాపు ఎనభై వస్తాయి. ఒక్కోదానిలో బెల్లం తొమ్మిది గ్రాముల లోపే. తడి లేని డబ్బాలో పెడితే పదిహేను రోజులు ఉంటాయి. నువ్వులు, పల్లీలు పడని పిల్లలు ఉంటే, తింటే దురద, దద్దుర్లు వచ్చేవాళ్లు, వాళ్లకు పెసర సున్ని ఉండ వేరుగా చేయాలి, వేరే గిన్నెలో.

వసంతం రాగానే నువ్వులు ఆపేద్దాం. ఎండల్లో మన దగ్గర నువ్వుల ఉండ తినిపించడం తెలివితక్కువ. అప్పుడు రాగి అంబలి, మజ్జిగ ఉన్నాయి. వంద గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ బడుల్లో 2020లో మధ్యాహ్న భోజనంతో పల్లీ చిక్కీ, 2023లో రాగిజావ మొదలుపెట్టారు. మంచి పనే. బతుకమ్మ రోజుల్లో సత్తుపిండి చేసుకోవచ్చు. ఇవి చిన్న విషయాలని అనుకోకండి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు బక్కచిక్కిన పిల్లల కోసం తయారుచేసిన 'హైదరాబాద్ మిక్స్' ఏమిటో తెలుసా? వేయించిన గోధుమలు 40 పాళ్లు, శనగపప్పు 16, పల్లీలు 10, బెల్లం 20. మన సత్తుపిండికి దగ్గరి చుట్టమే. ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరులో ఆదివాసీ అక్కలు ఇప్పపువ్వుతో లడ్డూలు చేసి అమ్ముతున్నారు. ఇప్పపువ్వు అంటే సారాయే అని వెక్కిరించినవాళ్లు ఇప్పుడు కొనుక్కుని తింటున్నారు. మన తిండికి విలువ రావడానికి ఎవరో పెద్దవాళ్లు ముద్ర వేసేదాకా మనమెందుకు ఆగాలి?

ఇక అభ్యంతరాలు. డబ్బు అంటారు. 2024లో తెలంగాణ ప్రభుత్వం మెస్ చార్జీలు పెంచింది. 8 నుంచి 10వ తరగతి పిల్లలకు నెలకు 1,100 రూపాయలు ఉన్నది 1,540 అయింది, అంటే రోజుకు యాభై ఒక్క రూపాయి చిల్లర. మా సంతలో అడిగిన ధరల ప్రకారం ఉండ ఒక్కటికి నాలుగు రూపాయలకు అటూ ఇటూ పడుతుంది. ఉన్న మెస్ బడ్జెట్‌లోంచి తీయమని మేము అడగడం లేదు. గుడ్డు, అరటిపండు తగ్గించి ఉండ పెడితే అది మోసం. ఈ ఖర్చు పూర్వ విద్యార్థినులం భరిస్తాం. వారానికి మూడు రోజుల చొప్పున నాలుగు నెలలకు లెక్క వేశాం. ఆ డబ్బాల లడ్డూలు ఒక్కరోజు పంచడానికి అయ్యే డబ్బుకు ఇంకా కొంత కలిపితే సరిపోతుంది.

రెండో అభ్యంతరం వంట అక్కది, అదే అసలైనది. వందమందికి రెండు పూటలా వండే మనిషి మీద ఇంకో పని వేయడం న్యాయం కాదు. "పిల్లలు ఉన్నారు కదా, వాళ్లే చేసుకుంటారు, ఆడపిల్లలకు పని రావాలి" అన్న మాట కూడా మా సమావేశంలో వినిపించింది. దానికి మేము ఒప్పుకోం. మేము ఇక్కడికి వచ్చింది చదువుకోవడానికి. పక్క వీధిలోని బాలుర హాస్టల్లో ఈ మాట ఎవరైనా అంటారా? పరీక్షల ముందు పుస్తకం పక్కన పెట్టి మెస్‌లో చపాతీలు ఒత్తిన సాయంత్రాలు మాకు గుర్తున్నాయి. కాబట్టి నెలకు రెండు శనివారాలు మాలో ముగ్గురు నలుగురం వంతుల వారీగా వచ్చి చేస్తాం. వంట అక్క దగ్గరుండి చూస్తే చాలు, ఆ రోజుకు ఆమెకు వేరే కూలి ఇస్తాం. ఇష్టమున్న పిల్లలు వచ్చి ఉండ చుట్టవచ్చు, రానివాళ్లను ఎవరూ పిలవకూడదు. బాలుర హాస్టల్ పూర్వ విద్యార్థులు కూడా ఇదే పని తమ దగ్గర మొదలుపెడితే నువ్వులు ఏంచుడు మేము నేర్పిస్తాం, మాడ్చకుండా.

పెరట్లో బావి పక్కన పాత రోలు బోర్లించి ఉంది. దాన్ని కడిగించమని వార్డెన్ మేడమ్‌ను అడిగాం, సరేనన్నారు. రోకలి మేము తెస్తాం. మొదటి విడత కార్తీక పౌర్ణమి తర్వాత వచ్చే శనివారం. డబ్బా మెస్‌లోనే ఉంటుంది, సోమ, బుధ, ఆదివారాల్లో ఇస్తారు. ఆదివారం ఇచ్చేది మాత్రం పొద్దున తొమ్మిదిలోపే, గేటు దగ్గరకు బస్సు రాకముందే, అందరికీ ఒకేసారి ఇవ్వమని అడిగాం.